పలక వెనక పేరు

మొన్న మా ఇంటి ప్రహరీ పక్కన కూలీలు తవ్వుతుంటే ఒక పలక ముక్క బయటపడింది. అరచేయంత ఉంటుంది. పలక గనులున్న మా మార్కాపురంలో పలక ముక్క దొరకడం వింతేమీ కాదు. కానీ దీని మీద మేకుతో గీసిన అక్షరాలున్నాయి. మట్టి తుడిచి చూస్తే 'కానుగ' అని ఉంది. ఒక పక్కకి ఒరిగిపోయిన ఆ అక్షరాలు చూడగానే అవి ఎవరి చేతివో తెలిసిపోయింది. వెనకవైపు కూడా ఏదో రాసి ఉంటుందని నాకు తెలుసు. తిప్పి చూసే ధైర్యం రాలేదు. చొక్కా జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళిపోయాను.

రాసినాయన పోయి నెల దాటింది. ఊళ్ళో అందరూ ఆయన్ని మొక్కలాయన అనేవాళ్ళు. అసలు పేరు నాకు తెలుసు గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెంటనే పలికేవాడు కాదు. ఇళ్ళ ముందు, బళ్ళలో, కల్యాణమండపాల్లో తోటలు వేయడం ఆయన పని. దాన్నిప్పుడు ల్యాండ్‌స్కేపింగ్ అంటున్నారు. ఎవరో ముచ్చటపడి ఆ మాటతో విజిటింగ్ కార్డులు కూడా అచ్చు వేయించి ఇచ్చారు. ఆయన ఆ కార్డు మూలతో గోళ్ళలో మట్టి తీసుకునేవాడు.

నాది సిమెంటు, ఇనుము వ్యాపారం. పన్నెండేళ్ళ కింద పొదిలి రోడ్డులో ఇల్లు కట్టుకున్నాను. అంతకు ముందే హైదరాబాదులో మా తోడల్లుడి ఇంటి ముందు పచ్చటి లాన్ చూసి వచ్చాను. అలాంటిది మా ఇంటి ముందు లేకపోతే నా బతుకెందుకు అనిపించింది. మొక్కలాయనకి కబురు పెట్టాను. మోపెడ్ మీద, రెండు కాళ్ళ మధ్య నాలుగు మొక్కలు నిలబెట్టుకుని వచ్చాడు. నెత్తికి తువ్వాలు, దారంతో కట్టిన కళ్ళజోడు. లోపలికి రమ్మంటే రాలేదు. బోరు నీళ్ళు అడిగి ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు తిప్పి ఉమ్మేశాడు.

"ఈ నీళ్ళకి గులాబీలు బతకవు. మీరెట్ల బతుకుతన్నారో" అన్నాడు. నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

లాన్ కావాలన్నాను.

"గొర్రెలున్నాయా?" అని అడిగాడు.

"లేవు."

"మరి గడ్డెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో నలుగురు మర్యాదగా పలకరించే మనిషిని నేను. అయినా పని కావాలి కదా అని ఊరుకున్నాను. ఆయన మాత్రం పని మొదలు పెట్టలేదు. మరుసటి రోజు పొద్దున వచ్చాడు, గోడ నీడ ఎక్కడిదాకా పడిందో చూసి అక్కడ ఒక పలక ముక్క పెట్టాడు. మధ్యాహ్నం వచ్చి ఇంకోటి పెట్టాడు. సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఒక ముక్క మీద అడుగు వేశానని కసిరాడు కూడా. ఇదేందని అడిగితే, "నీడ యాడ కావాల్నో నువ్వు చెప్పు. చెట్టు యాడ పెట్టాల్నో నేను చెప్తా" అన్నాడు. ఇల్లు కట్టిన ఇంజనీరు కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నీడ ఎక్కడ కావాలో నేనెప్పుడూ అనుకోలేదు.

చివరికి అసలు ప్రశ్న వచ్చింది. "ఎండాకాలం నీళ్ళెవరు పోస్తారు?"

"పనిమనిషి ఉందిలే" అన్నాను.

ఆయన వెళ్ళి మోపెడ్ స్టాండు తీశాడు. అప్పుడు లోపలి నుంచి మా ఆవిడ వచ్చి, "నేను పోస్తా" అంది. ఆయన ఆమెని కిందికీ పైకీ చూసి, ఏ ఊరమ్మా అని అడిగాడు. కొనకనమిట్ల పక్కన అని ఊరి పేరు చెప్పింది. ఆయన ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఆ పక్క ఊరే ఆయనది. "అయితే మా అమ్మాయివే" అన్నాడు. మా ఆవిడ ఆయన్ని చిన్నాయనా అని పిలవడం ఆ పూటే మొదలైంది. నన్నెవరూ అడగకుండానే నేను అల్లుణ్ణయిపోయాను. నేనూ గతిలేక మామా అనడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి ఆ మాట నోటికి తియ్యగానే అనిపించింది.

ఇక్కడ ఆ పలకల సంగతి చెప్పాలి. పలక గనుల దగ్గర పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆయన వాటిని ఏరుకొచ్చి, ప్రతి మొక్క మొదట్లో ఒకటి గుచ్చేవాడు. ముందువైపు మొక్క పేరు, వెనకవైపు నీళ్ళు పోస్తానని ఒప్పుకున్న మనిషి పేరు. ఇంటాయన ముందే, ఆయన చూస్తుండగానే మేకుతో గీసేవాడు. పేరు ఇవ్వడానికి ఎవరూ లేని చోట మొక్క పెట్టేవాడు కాదు. "నేను పెట్టేసి పోతా. దాంతో కాపరం చేసేది మీరు" అనేవాడు. మా ఇంట్లో పెట్టిన మందారాలకి, నిమ్మచెట్టుకి, కరివేపాకుకి అన్నిటి వెనకా మా ఆవిడ పేరే. నా పేరు ఏ పలక మీదా లేదు. ఒకసారి సరదాకి దాని గురించి అడిగితే, "తొందరెందుకు అల్లుడా, వస్తాదిలే" అన్నాడు.

ఈ పలకల వల్ల ఆయన తిట్లు కూడా తిన్నాడు. గిద్దలూరులో ఒక కల్యాణమండపం ఓనరు, కొడుకు పెళ్ళికని పది రోజుల్లో లాన్ వేయమన్నాడు. మొక్కలాయన వద్దని చెప్పి చెప్పి చివరికి వేశాడు. పెళ్ళయిన మూడో రోజు చూస్తే గడ్డి మధ్యలో పెద్ద పెద్ద మచ్చలు. వంటవాళ్ళు కాగే గంజి అక్కడే పారబోశారు. ఓనరు నలుగురిలో అరుస్తుంటే ఈయన పలక పీకి వెనకవైపు చూపించాడు. నా పేరెందుకు రాసినావని ఓనరు ఇంకా గట్టిగా అరిచాడు. "నీళ్ళు పోస్తానంటివి కాబట్టి రాసినా. గంజి పోస్తానంటే అదే రాద్దును కదన్నా" అన్నాడట. ఆ మండపం వాళ్ళు మళ్ళీ ఆయన్ని పిలవలేదు. ఈ కథ నాకు చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. ఆ గడ్డి పరచడానికి పది రోజులు మోకాళ్ళ మీద పాకానని మాత్రం చెప్పాడు. ఆ మోకాళ్ళు తర్వాత ఎప్పుడూ బాగుపడలేదు.

ఆ పనిలో సుఖం ఏముంది మామా అని అడిగాను ఒకసారి. జవాబు చెప్పలేదు. కొన్నాళ్ళకి కురిచేడులో సరుకు దించాల్సి వస్తే వ్యాన్‌లో నాతో పాటు వచ్చాడు. ఒక బడి ముందు ఆపమన్నాడు. ఎన్నడో ఆయన పెట్టిన వేపచెట్లు వరసగా పెద్దవై ఉన్నాయి. వాటి కింద పిల్లలు పళ్ళేలు పెట్టుకుని అన్నాలు తింటున్నారు. ఒక పంతులమ్మ వచ్చి, ఎవరు కావాలండీ అని అడిగింది. "ఎవరూ వద్దమ్మా, నీడకి నిలబడినాం" అన్నాడు. ఒక చెట్టు మొదట్లో పాత కంచె తీగ బెరడులోకి కోసుకుపోతుంటే జేబులోంచి మేకు తీసి దాన్ని సడలించాడు. అంతే, వచ్చేశాడు. మార్కాపురం వచ్చేదాకా వ్యాన్‌లో ఆయన నోరు మూతపడితే ఒట్టు. "ఆ పంతులమ్మ నన్ను గుర్తు పట్టలే, చూసినావా? ఆ పిల్లోళ్ళకి నేనెవరో తెల్దు. ఇంక ఆ చెట్లు వాళ్ళవే అల్లుడా" అన్నాడు. నేను అడిగిన ప్రశ్నకి అదే జవాబని ఇల్లు చేరాక అర్థమైంది.

ఆయన మేకల మధ్య పెరిగిన మనిషి. వాళ్ళ నాయన మందని తోలుకుని కొండల అంచులన్నీ తిరిగినాడట. అందుకే ఆయన దృష్టిలో భూమ్మీద ఉన్న మొక్కలన్నీ రెండు రకాలు. మేక తినేవి, మేక తిననివి. పేరు తెలియని కొత్త మొక్క కనపడితే ముందు ఆకు తుంచి వాసన చూసేవాడు. "తింటాది" అనో "మూతి తిప్పుకుంటాది" అనో తేల్చేవాడు. మా వైపు కంచె లేకుండా మొక్క బతకాలంటే మేక మూతి తిప్పుకోవాలి. ఆయన చేసిన పెద్ద తప్పు ఆ లెక్కలోంచే వచ్చింది.

కొన్నేళ్ళ కింద కోనోకార్పస్ అనే మొక్క వచ్చింది. నర్సరీలవాళ్ళు కోనో అనేవాళ్ళు, మావాళ్ళు దుబాయి చెట్టన్నారు. నీళ్ళు పెద్దగా అడగదు, ఏడాదికే మనిషిని మించి పెరుగుతుంది, ఎంత ఎండలోనూ పచ్చగా ఉంటుంది. అన్నిటికంటే మించి, మేక దాని జోలికి పోదు. మొక్కలాయనకి అది దేవుడిచ్చిన చెట్టులా కనపడింది. రోడ్ల పక్కన, ఆఫీసుల చుట్టూ, ఇళ్ళ ముందు ఎక్కడ పడితే అక్కడ పెట్టాడు. మా ప్రహరీ పొడుగునా కూడా వరసగా పెట్టాడు. అవి రెండేళ్ళలో కలిసిపోయి పచ్చగోడ అయ్యాయి. దాన్ని కత్తిరించి చదునుగా ఉంచుకోవడం నాకు పెద్ద గొప్ప. లాన్ లేని లోటు దాంతో తీరింది. మా తోడల్లుడు వచ్చినప్పుడు దాని ముందు నిలబడి ఫోటో దిగాడు. నేను ఆ ఫోటోని దుకాణంలో అద్దం కింద పెట్టుకున్నాను.

ఒక రోజు ఆయన ప్లాస్టిక్ కవరుతో దుకాణానికి వచ్చాడు. దాన్ని బల్ల మీద బోర్లించాడు. తడిసిన జుట్టు ముద్దలాంటిది ఏదో పడింది. ఒక ఆసుపత్రిలో నీళ్ళ పైపు మూసుకుపోతే పగలగొట్టి చూశారట. లోపలంతా ఈ వేరే. ఆ పైపు పక్కన కోనో పెట్టింది ఆయనే.

"నీళ్ళడగదని చెప్పినా అందరికీ. అడగదు అల్లుడా, దొంగతనంగా తాగుతాది" అన్నాడు. ఆ ముద్దని వేలితో కెలుకుతూ మళ్ళీ అన్నాడు. "ఇన్నేళ్ళలో దాంట్లో ఒక గూడు చూసినావా నువ్వు? మేక వద్దన్నా, పిట్ట వద్దన్నా, నేను మాత్రం కావాలనుకున్యా."

అది మంచిది కాదని పేపర్లలో కూడా రాశారు. ఆయనకి పేపర్లతో పనిలేదు. మరుసటి రోజు నుంచే గడ్డపార మోపెడ్‌కి కట్టుకుని, తను కోనో పెట్టిన ప్రతి చోటికీ వెళ్ళడం మొదలుపెట్టాడు. కూలి తీసుకోడు. తనే తవ్వి తీసి, ఆ గుంటలో వేపో కానుగో పెట్టి, పలక గుచ్చి వస్తాడు. కొందరు సంతోషంగా ఒప్పుకున్నారు. కొందరు ఇంత పెరిగిన చెట్టుని కొడతావా, మతి పోయిందా అని గేటు మూశారు. ఈయన పెట్టిన మొక్కని ఈయనే పీకుతాడట అని ఊళ్ళో నవ్వులాటైంది. కొత్త పనులు తగ్గిపోయాయి. ఆయన పట్టించుకోలేదు. గేటు మూసిన ఇంటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాడు. నా చేత్తో పెట్టినవి నా చేత్తోనే తీసి పోవాలని ఆయన పట్టు.

గేటు మూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. అది తీస్తే రోడ్డు మీద పలక లారీల దుమ్ము ఇంట్లోకి వస్తుందని మొదట చెప్పాను. కొత్తగా రంగులు వేయించానని తర్వాత చెప్పాను. వానలు పడ్డాక చూద్దామన్నాను. వానలు పడ్డాక, పండగ పోనీ అన్నాను. ఆయన ఏడాదికి రెండుసార్లన్నా వచ్చి అడిగేవాడు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగేవాడు, వెళ్ళిపోయేవాడు. "చిన్నాయన అంతగా అడుగుతుంటే ఏందండీ మీ మొండితనం" అని ఆమె నాతో రెండు రోజులు మాట్లాడకపోయేది. నేను లొంగలేదు. ఇంత పచ్చగా ఇంకేముంది నా ఇంట్లో అని నా వాదన.

చివరిసారి రెండేళ్ళ కింద, వానలు మొదలయ్యాక వచ్చాడు. మోపెడ్ మీద కాదు, ఆటోలో. గడ్డపారని కర్రలా పొడుచుకుంటూ దిగాడు. మెట్టు ఎక్కడానికి ఆయాసపడ్డాడు.

"అందరూ ఒప్పుకున్యారు అల్లుడా. ఇది ఒక్కటే మిగిలింది" అన్నాడు.

ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులతో ఏం తవ్వుతాడు? అది చూసైనా నేను ఒప్పుకోవాల్సింది. "ఈ చలికాలంలో చూద్దాంలే మామా, నీకు కాస్త నెమ్మదించనీ" అన్నాను. ఆయన మీద జాలితో అన్నట్టు అన్నాను గానీ, అది జాలి కాదు. ఆయనకీ తెలుసు. తలూపి, పోనీ మూలన ఒక్క గుంట తవ్వుకోనిస్తావా అని అడిగాడు. ఒక్క గుంటే కదా, పీడా పోతుందని ఒప్పుకున్నాను.

పచ్చగోడకీ ప్రహరీకీ మధ్య ఉన్న చిన్న సందులో ఆ గుంట తవ్వడానికి ఆయనకి సగం రోజు పట్టింది. నేను దుకాణానికి వెళ్ళిపోయాను. ఏం పెట్టాడో, పలక మీద ఏం గీశాడో చూడలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ ఆ సందులోకి తొంగి చూడలేదు. మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకుని అటు పోతుంటే, పక్కింటావిడతో కబుర్లకి పోతుందనుకునేవాణ్ణి.

పది రోజుల కింద ఒకాయన సిమెంటుకి వచ్చాడు. ఎంత కావాలన్నా అంటే రెండు బస్తాలు చాలన్నాడు. ఏం కడుతున్నారని మాటవరసకి అడిగాను. "మా అన్నకి సమాధి. మీ అంగట్లోనే తీసుకోవాలని వచ్చినా. మార్కాపురంలో అల్లుడున్యాడని చెప్పుకునేవాడు" అన్నాడు. ఏ అన్న అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. బస్తాలు నేనే ఎత్తి బండిలో పెట్టాను. లోపలికి వచ్చి కూర్చుంటే అద్దం కింద ఆ ఫోటో, అందులో తోడల్లుడి వెనక ఆ పచ్చగోడ. ఫోటో తీసి సొరుగులో పడేశాను. ఆ పూట దుకాణంలో కూర్చోలేకపోయాను. నిజం చెప్పాలంటే ఏడ్చాను.

నాలుగు రోజుల తర్వాత కూలీల్ని పిలిచాను. కోనో మొత్తం తవ్వి తీయడానికి మూడు రోజులు పట్టింది. ఒక వేరు మా నీళ్ళ సంపు గోడని చీల్చుకుని లోపలికి దిగి ఉంది. అది చూసి కూలీలు ఆశ్చర్యపోయారు, నాకు మాత్రం ఆశ్చర్యం వేయలేదు. ఆఖరి రోజున మాత్రం గేటు పక్కన ఉన్న ఒక్క గుబురుని వదిలేయమని చెప్పాను. అంతా తీసేస్తే మరీ బోసిగా ఉంటుందనిపించింది. నా బుద్ధి అలాంటిది. కోనో పోయాక సందులోంచి ఒక కానుగ మొక్క బయటపడింది. వెలుతురు కోసం ఒక పక్కకి వంగి పెరిగింది గానీ, నా ఛాతీదాకా ఉంది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. దాని మొదట్లో ఆకుల చెత్త కింద దొరికిందే ఆ పలక.

ఇప్పుడు చెప్పండి, తిప్పి ఎలా చూస్తాను? ఆ గుంటకి ఒప్పుకుంది నేను. వెనక నా పేరు ఉంటే, రెండేళ్ళలో నేను దానికి ఒక్క చుక్క పోయలేదు. ఉతకడానికి వేసిన చొక్కాలో దాన్ని మరిచిపోయాను. మరిచిపోయానో, కావాలనే వదిలేశానో.

సాయంత్రం మా ఆవిడ తడి చేతులతో ఆ పలక పట్టుకుని వచ్చింది.

"చిన్నాయనది. వెనక చూసినారా?"

"లేదు. నువ్వే చదువు."

ఆమె కడిగి, వెలుతురుకి పెట్టి చదివింది. "నీళ్ళు, అమ్మాయి."

నేను ఊపిరి పీల్చుకున్నాను. నా పేరు లేదు. ఆయనకి నా సంగతి తెలుసు, అందుకే ఆమె పేరు రాశాడు. కానీ ఆమె పలకని నా చేతికి ఇవ్వలేదు. బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది.

"ఇంకో వరసుంది" అంది.

"ఏంది?"

"కోనో తీసేది, అల్లుడు."

పలక ఆమె చేతిలోంచి తీసుకుని ఆ వరస నేనూ చదివాను. ఎన్నిసార్లు గేటు మూసినా, ఆ వణికే చేత్తో ఆ మాట గీసి వెళ్ళాడు. నీళ్ళు పోస్తానని ఒప్పుకున్నవాళ్ళ పేరే ఆయన రాసేవాడు. నేను దేనికీ ఒప్పుకోలేదు. అయినా రాశాడు.

ఆయన రాసింది కూలీలు అని కాదు. దుకాణం నుంచి కొత్త గడ్డపార ఒకటి తెప్పించి, గేటు పక్కన నేను మిగుల్చుకున్న గుబురు దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళూ వందల గడ్డపారలు అమ్మాను గానీ, నేలలో దించింది అదే మొదటిసారి. మొదటి పోటుకే చేతులు జివ్వుమన్నాయి. మొదలు కదలడానికి గంట పైనే పట్టింది. అరచేతుల్లో పొక్కులొచ్చి చిట్లాయి. మా ఆవిడ మజ్జిగ తెచ్చి మెట్టు మీద పెట్టింది, ఆయనకి పెట్టినట్టే, అదే గ్లాసులో. చివరి వేరు తెగాక కూర్చుని తాగాను.

తర్వాత పలకని తీసుకెళ్ళి కానుగ మొదట్లో మళ్ళీ గుచ్చాను, వెనకవైపు ఇంటికి ఎదురుగా ఉండేట్టు.